పదిహేడు ఎనిమిదులు ఎంత? ఒక మంత్రాల నవల, ఒక కాపీ గొడవ

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. నేను రిటైరైన తెలుగు టీచర్ని, నల్లకుంటలో ఉంటాను. నాలుగేళ్లు కష్టపడి పిల్లల కోసం ఒక మంత్రాల నవల రాశాను. గోల్కొండ కోట కింద మంత్రాల బడి, అందులో చేరిన అనాథ పిల్లాడు, మాట్లాడే గుడ్లగూబ, చిలకలో ప్రాణం దాచుకున్న మాంత్రికుడు. 2018 జూన్‌లో డీటీపీ ప్రింటు తీయించి సిటీలో ఒక ప్రచురణ సంస్థకి ఇచ్చాను. "పిల్లలకి బరువుగా ఉంది మేడమ్, వెయ్యలేం" అని వాట్సాప్‌లో మెసేజ్ పెట్టారు. అది చూసి మూడు రోజులు అన్నం సహించలేదు. 2021 డిసెంబర్‌లో వాళ్లే వేరే రచయిత పేరుతో అచ్చం నా కథ వేశారు. నాకు 2022లో తెలిసింది, మా అమ్మాయి పెళ్లి హడావుడిలో ఊరుకున్నాను. 2024 ఆగస్టులో రెండో ముద్రణ వచ్చింది, ఇప్పుడు ఆడియో సిరీస్ కూడా తీస్తున్నారట. పద్నాలుగు పోలికలు రాసి జత చేశాను. నా దగ్గర ఆధారాలేమీ లేవు. డీటీపీ అతను అప్పట్లో పీడీఎఫ్ మా అన్నయ్య కొడుకు మెయిల్‌కి పంపాడు గానీ, ఆస్తి పంపకాల దగ్గర నుంచి మాకు మాటల్లేవు. తెలిసిన డాక్యుమెంట్ రైటర్ ఒకాయన 2017 తేదీతో స్టాంపు పేపరు సంపాదించి, కథ సారాంశం రాసి నోటరీ చేయిస్తానంటున్నాడు. చేయించమంటారా? పోలీసు కేసు పెట్టొచ్చా?

తా.క.: చెప్పుకోవాలంటే సిగ్గుగా ఉంది. పిల్లాడు పదిహేడో ఎక్కం తిరగేసి చదివే మంత్రంలో నేను పదిహేడు ఎనిమిదులు నూట ఇరవై ఆరు అని తప్పు రాశాను. వాళ్ల పుస్తకంలోనూ అలాగే ఉంది. నేను మాత్రం తర్వాత పెన్ డ్రైవ్‌లో ఫైల్ తీసి దిద్దించేశాను.

జవాబు: అమ్మా, మీరు పంపింది ఎనిమిది పేజీల ఉత్తరం, పైన వేసింది దాని సారం మాత్రమే. ఆ ఎనిమిది పేజీల్లో కేసుకి పనికొచ్చే వాక్యాలు మూడే ఉన్నాయి. ఒకటి మీరు సిగ్గుపడుతూ తా.క.లో రాసింది, రెండోది మేనల్లుడి మెయిల్ సంగతి, మూడోది మీకు అన్నం సహించకుండా చేసిన ఆ వాట్సాప్ మెసేజ్. పెళ్లి హడావుడి, నాలుగేళ్ల కష్టం, పిల్లల మీద ప్రేమ, ఇవన్నీ నిజమే అయ్యుండొచ్చు గానీ దావాలో రాసుకోవడానికి పనికిరావు.

ముందు మీ పద్నాలుగు పోలికల సంగతి తేల్చేద్దాం. మాంత్రికుడి ప్రాణం చిలకలో ఉండటం మీరూ కనిపెట్టలేదు, వాళ్లూ కనిపెట్టలేదు. బాలనాగమ్మ కథలో మాయల ఫకీరు ప్రాణం ఎక్కడుందో మీ అమ్మమ్మకే తెలుసు. మంత్రాల బడి అంటారా, ఇంగ్లిష్‌లో అర్సులా లె గ్విన్ 1968లోనే మాంత్రికుల బడి పెట్టి నవల రాసింది, హ్యారీ పాటర్ మొదటి పుస్తకం వచ్చింది 1997లో. అనాథ పిల్లాడు, గుడ్లగూబ, గడ్డం గురువు, ఇవి ఈ రకం కథల్లో ఎవరైనా వాడుకునే సరుకు. గోల్కొండలో చప్పట్లు కొడితే రహస్య ద్వారం తెరుచుకోవడం కూడా మీ జాబితాలో ఉంది. ఫతే దర్వాజా దగ్గర గైడు చప్పట్లు కొడితే పైన బాలాహిసార్ దాకా వినిపిస్తుందని కోటకి వెళ్లిన ప్రతి పిల్లాడికీ తెలుసు, ఆ ఊహ ఇద్దరికి రావడంలో వింతేమీ లేదు.

చట్టం ఊహని కాపాడదు, ఆ ఊహని మీరు ఏ మాటల్లో, ఏ వరుసలో, ఏ వివరాలతో చెప్పారో దాన్ని కాపాడుతుంది. 1978లో ఆర్.జి. ఆనంద్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది ఇదే. ఆయన నాటకం రాశాడు, సినిమా తీసినతను ఆ నాటకాన్ని ఆయన నోటి నుంచే మొత్తం విన్నాడు, రెండింటిలోనూ ప్రాంతీయ అభిమానం మీదే కథ నడుస్తుంది. అయినా ఆనంద్ ఓడిపోయాడు. రెండూ చూసిన మామూలు మనిషికి రెండోది మొదటిదానికి కాపీయే అని అనుమానం లేకుండా అనిపించాలి, ఒకే విషయం మీద రెండు కథలు వచ్చినంత మాత్రాన సరిపోదు అని కోర్టు చెప్పింది. అంటే "నా ప్రతి వాళ్ల చేతిలో ఉంది" అని రుజువు చేసినా పని సగమే అయినట్టు. హ్యారీ పాటర్ నాలుగో పుస్తకం మీద ఏడ్రియన్ జేకబ్స్ అనే రచయిత వారసత్వం తరఫున వేసిన కేసు కూడా ఇలాంటిదే. మాంత్రికుల పోటీ మాదే అన్నారు. న్యూయార్క్ కోర్టు 2011లో కొట్టేసింది. లండన్‌లో ఎదుటివాళ్ల ఖర్చులకి పూచీగా డబ్బు కట్టమంటే కట్టలేక అదే ఏడాది అక్కడా కేసు ముగిసిపోయింది.

కాబట్టి పద్నాలుగులో పన్నెండు కొట్టేశాను. మిగిలింది తొమ్మిది నుంచి పన్నెండు అధ్యాయాల్లో సంఘటనల వరుస, ఇంకా ఆ ఎక్కం.

మీరు ముప్పై ఏళ్లు పరీక్ష హాల్లో నిలబడ్డ మనిషి, ఇది నేను మీకు చెప్పాలా? పక్కపక్కన కూర్చున్న ఇద్దరు పిల్లలు నూట ముప్పై ఆరు అని రాస్తే చూసి రాశారని ఎవరూ అనలేరు. ఇద్దరూ నూట ఇరవై ఆరు అని రాస్తేనే పేపరు పట్టుకుంటారు. సరైన జవాబు ఎక్కడి నుంచైనా రావచ్చు, అదే చోట అదే తప్పు రావాలంటే చూసి రాయాలి. కోర్టుకి కూడా ఈ లెక్క బాగా అర్థమవుతుంది. ఎక్కం తిరగేసి చదివితే మంత్రం అవుతుందనే ఊహ మీది కాదు, ఎవరికైనా తట్టొచ్చు. అదే ఎక్కం, అదే వరుస, అదే తప్పు, దాని ముందూ వెనకా అవే వాక్యాలు వస్తే మాత్రం ఊహ అని తప్పించుకోలేరు.

అయితే ఆ ఒక్క తప్పు చూసి రాశారని మాత్రమే చెబుతుంది, ఎంత రాశారో చెప్పదు. అందుకే ఆ నాలుగు అధ్యాయాలు పక్కపక్కన పెట్టి, పేజీ, పంక్తి నంబర్లతో ఒక పట్టిక చేయండి. మీ వాక్యం ఎడమ వైపు, వాళ్ల వాక్యం కుడి వైపు. "భావం ఒకటే" అనిపించినవి అందులో వద్దు, మాట కలిసినవీ సంఘటన వరుస కలిసినవీ మాత్రమే. ఇంకో సంగతి, ఎదుటి వకీలు ఏదో ఒక ఎక్కాల పుస్తకం పట్టుకొచ్చి, అందులోనే అచ్చుతప్పు ఉంది, ఇద్దరూ అక్కడి నుంచి తీసుకున్నారు అంటాడు. నేనైతే అదే అంటాను. మీరు ఆ ఎక్కం ఎక్కడ చూసి రాశారో, నోటికొచ్చిందే రాశారో ఇప్పుడే గుర్తు తెచ్చుకుని పెట్టుకోండి.

ఇప్పుడు తిట్టాల్సిన చోటికి వచ్చాం. ఆ తప్పు వాళ్ల పుస్తకంలో చూశాక కూడా మీ ఫైల్లో దిద్దించి, పాత దాని మీదే సేవ్ చేయించారా? దొంగ కాలి ముద్ర పడిన గుమ్మాన్ని ఎవరైనా కడిగి ముగ్గేస్తారా అమ్మా? తెలుగు టీచర్ లెక్క తప్పిందని నలుగురూ నవ్వుతారని భయపడ్డారు గానీ, ఈరోజు ఆ పెన్ డ్రైవ్ కోర్టులో పెడితే "వీళ్ల ప్రతిలో నూట ముప్పై ఆరు ఉంది, మా పుస్తకంలో నూట ఇరవై ఆరు ఉంది, ఇక కాపీ ఎక్కడిది?" అని వాళ్లే దాన్ని తమ ఆధారంగా చూపిస్తారు. ఇకమీదట ఆ పెన్ డ్రైవ్ ఎవరూ ముట్టుకోవద్దు, ఒక కవర్లో వేసి బీరువాలో పెట్టండి.

మిమ్మల్ని కాపాడగలిగింది మేనల్లుడి మెయిల్‌లో ఉన్న పీడీఎఫ్. అది 2018లో వచ్చింది, పంపింది డీటీపీ అతను, తేదీ వేసింది మీరూ కాదు, అతనూ కాదు. అందుకే దానికి అంత విలువ. అయితే దాన్ని ప్రింటు తీసి కోర్టులో ఇస్తే చెల్లదు. 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియంలో సెక్షన్ 63 కింద సర్టిఫికెట్ కావాలి. అందులో ఎ భాగం ఆ మెయిల్, ఆ కంప్యూటర్ ఎవరి అధీనంలో ఉన్నాయో వాళ్లు, అంటే మీ మేనల్లుడు నింపాలి, బి భాగం నిపుణుడు నింపాలి, ఫైల్ హ్యాష్ విలువ, అంటే ఫైల్ మారలేదని చూపే గుర్తు సంఖ్య, రాయాలి. అతను మీకు ఫార్వర్డ్ చేస్తే చాలు అనుకోకండి, అసలు మెయిల్ అతని ఇన్‌బాక్సులో అలాగే ఉండాలి. డీటీపీ అతను దొరికితే అతని పంపిన మెయిళ్లలో కూడా వెతికించండి.

ఇక ఆ వాట్సాప్ మెసేజ్. మీరు దాన్ని అవమానం అనుకున్నారు, నేను రసీదు అనుకుంటున్నాను. నవల చేత్తో ఇచ్చి కనీసం చీటీ మీద సంతకం కూడా తీసుకోని మీకు, పుస్తకం మాకు అందింది, మేం చదివాం అని వాళ్లే రాసిచ్చిన కాగితం అది. అది ఉందా, కోపంలో తీసేశారా అన్నది ఉత్తరంలో ఎక్కడా రాయలేదు. 2018లో వాడిన ఫోన్ పాత సామాన్లవాడికి వేసి ఉండకపోతే వెతకండి. స్క్రీన్‌షాట్ మాత్రమే ఉంటే బలం తగ్గుతుంది, అయినా తెండి.

స్టాంపు పేపరు విషయం. వద్దు. ఆ డాక్యుమెంట్ రైటర్ గడప తొక్కకండి. ఏ స్టాంపు కాగితం ఏ నంబరుతో ఏ రోజు ఎవరికి అమ్మారో వెండర్ రిజిస్టర్లో ఉంటుంది, నోటరీకీ రిజిస్టర్ ఉంటుంది. క్రాస్‌లో, అంటే ఎదుటి వకీలు మిమ్మల్ని ప్రశ్నించేటప్పుడు, ఆ రెండూ తెప్పిస్తే పది నిమిషాల పని. దొంగ సాక్ష్యం తయారు చేసి కోర్టులో పెడితే భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 229 కింద ఏడేళ్ల దాకా జైలు. హ్యారీ పాటర్ రచయిత్రి తన మాటలు కాజేసిందని అమెరికాలో నాన్సీ స్టౌఫర్ అనే ఆవిడ వాదించింది. 2002లో న్యూయార్క్ కోర్టు ఆమె వాదన కొట్టేయడంతో ఆగలేదు, ఇచ్చిన ఆధారాల్లో మార్పులు చేసిందని తేల్చి 50,000 డాలర్ల జరిమానా వేసి, ఎదుటివాళ్ల వకీలు ఖర్చుల్లో కూడా కొంత కట్టమంది. మీ దగ్గర నిజమైన నూట ఇరవై ఆరు ఉండగా పక్కన ఒక దొంగ 2017 పెడితే, జడ్జి రెండూ దొంగవే అనుకుంటారు.

గడువు సంగతి. కాపీరైట్ ఉల్లంఘనకి నష్టపరిహారం అడగాలంటే లిమిటేషన్ చట్టం ఆర్టికల్ 88 ప్రకారం ఉల్లంఘన జరిగిన రోజు నుంచి మూడేళ్లు. మీకు తెలిసిన రోజు నుంచి కాదు. 2021 డిసెంబర్ ముద్రణకి, కరోనా వల్ల సుప్రీంకోర్టు 2022 ఫిబ్రవరి 28 దాకా గడువు లెక్కలోంచి తీసేసింది కాబట్టి కొంచెం కలిసొచ్చింది, అయినా 2025 ఫిబ్రవరితో అదీ పోయింది. ఆ డబ్బు మర్చిపోండి. 2024 ఆగస్టు ముద్రణ మళ్లీ కొత్త ఉల్లంఘన, దానికి 2027 ఆగస్టు దాకా టైముంది. ఆడియో సిరీస్ వస్తే అదింకొకటి. ఇంజంక్షన్, అంటే పుస్తకం ఆపమనే కోర్టు ఉత్తర్వు, కావాలంటే మాత్రం ఆలస్యం మీకు గట్టిగా అడ్డొస్తుంది. 2008లో ఢిల్లీ హైకోర్టులో వార్నర్ బ్రదర్స్ 'హరి పుట్టర్' అనే సినిమా పేరు మీద కేసు వేస్తే, 2005 నుంచి తెలిసి కూడా విడుదల ముందు వచ్చారేమిటన్నది వాళ్లకి వ్యతిరేకంగా నిలిచిన కారణాల్లో ఒకటి. అది ట్రేడ్‌మార్క్ గొడవే గానీ జడ్జిల చిరాకు రెండు చోట్లా ఒకటే. అందుకే మీ దావాలో ముందు పెట్టాల్సింది ఆడియో సిరీస్, అది ఇంకా బయటికి రాలేదు కాబట్టి.

పోలీసుల దగ్గరికి వెళ్లొచ్చా అంటే వెళ్లొచ్చు. కాపీరైట్ చట్టం సెక్షన్ 63 కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల జైలు, అది కాగ్నిజబుల్ (వారెంటు లేకుండా అరెస్టు చేయగల), నాన్-బెయిలబుల్ (బెయిలు హక్కుగా రాని) నేరమని 2022లో సుప్రీంకోర్టు చెప్పింది. అయితే స్టేషన్లో కూడా అడిగేది ఆ పీడీఎఫ్‌నే. ముందు సివిల్ దారి పట్టండి. ఫేస్‌బుక్‌లో ఆ రచయితని దొంగ అని రాయొద్దు, పరువు నష్టం కేసులో మీరే ముద్దాయి అవుతారు.

చేయాల్సింది ఇది. ఆధారాలు చేతికొచ్చాక వకీలు ద్వారా నోటీసు, అందులో ఆడియో సిరీస్ ఆపమని, రెండో ముద్రణ లెక్కలు చూపమని అడగాలి. ఆధారం లేకుండా బెదిరింపు నోటీసు పంపితే కాపీరైట్ చట్టం సెక్షన్ 60 కింద వాళ్లే మీ మీద దావా వేయగలరు, అందుకే ముందు ఆధారం, తర్వాతే నోటీసు. దావా విలువ మూడు లక్షలు దాటితే హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు పరిధిలోని కమర్షియల్ కోర్టుకి వెళ్లాలి. మీరు ఉండే ఊళ్లోనే వేసుకునే హక్కు సెక్షన్ 62 ఇచ్చింది. అత్యవసర ఉత్తర్వు అడగకపోతే ముందు మధ్యవర్తిత్వం తప్పనిసరి. నిజం చెప్పాలంటే ఇలాంటివి ఎక్కువగా అక్కడే తెగుతాయి, తర్వాతి ముద్రణలో మీ పేరు, కొంత రాయల్టీ దగ్గర. కాపీరైట్ రిజిస్ట్రేషన్ లేకపోయినా దావా వేయొచ్చు. అయినా ఐదు వందల ఫీజు కట్టి ఇప్పుడైనా చేయించండి. పాత పీడీఎఫ్‌నే పెట్టండి, దిద్దినది కాదు.

ఇవన్నీ సోమవారం తర్వాత. ఈ ఆదివారం మీ మేనల్లుడికి ఫోన్ చేసి, ఆస్తి మాట ఎత్తకుండా, ఆ మెయిల్ ఉందో లేదో కనుక్కోండి. ఉంటే తొమ్మిదో అధ్యాయం తెరిచి ఆ ఎక్కం దగ్గర ఎంత ఉందో చదివి చెప్పమనండి. నూట ఇరవై ఆరు అంటే, అతన్ని కూడా దిద్దొద్దని చెప్పండి.