అమ్మాయి గూడ్స్ బండ్ల పుస్తకాలు చదువుతోంది, మాన్పించాలా?

ప్రశ్న: మా అమ్మాయి బీకాం రెండో సంవత్సరం. ఏడాదిగా రైల్వేలు, సరుకు రవాణా మీద పుస్తకాలు పోగేస్తోంది. ఇప్పటికి పదకొండు అయ్యాయి. అల్మారా ఫొటో పంపుతున్నాను. బొమ్మల పుస్తకాలు, చరిత్ర పుస్తకాలు దండగనే నా ఉద్దేశం. వీటిలో ఉద్యోగానికి పనికొచ్చేవి ఏవో పోల్చి చెప్పండి. ఏవీ పనికిరావంటే ఇవన్నీ మాన్పించి, నాకు తెలిసిన పదిహేను మంది అబ్బాయిలు చేరిన సప్లయి చైన్ అనలిటిక్స్ (సరుకు కదలికల డేటాను విశ్లేషించే) కోర్సులో చేర్పిస్తాను. – ఒక తండ్రి

జవాబు: మీరు పుస్తకాల గురించి అడిగారు గానీ, మీ భయం పుస్తకాల గురించి కాదు. పిల్ల నలుగురూ నడిచే దారిలో లేదు, రేపు ఎక్కడ తేలుతుందో అన్నది మీ దిగులు. ఇదే దిగులుతో నా దగ్గరకు వచ్చే తల్లిదండ్రులు చాలామంది. ఒకరి అబ్బాయికి పురుగుల పిచ్చి, ఇంకొకరి అమ్మాయికి పాత నాణేల పిచ్చి, మీ ఇంట్లో గూడ్స్ బండ్లు. ముందుగా ఒక మాట చెప్పేస్తాను, కాస్త స్థిమితపడండి. మీ అమ్మాయి కాలం వృథా చేసుకోవడం లేదు.

ఎలా తెలుసంటారా? మీరు పంపిన ఫొటోలోనే ఉంది. కింది అరలో ఒక పుస్తకం తెరిచి ఉంది. పెద్దది చేసి చూశాను. పేజీ అంచున పెన్సిల్‌తో 3,800ను 58తో భాగించి 65.5 అని రాసుకుంది. ఒక రేక్‌లోని, అంటే ఒక గూడ్స్ బండికి తగిలించిన వ్యాగన్లన్నిటిలోని, మొత్తం సరుకు టన్నులను వ్యాగన్ల సంఖ్యతో భాగించిందన్నమాట. దాని కింద చిన్న అక్షరాలతో ‘దించడానికి ఎన్ని గంటలు?’ అని ఉంది. ఆ లెక్క ఎవరైనా వేస్తారు. ఆ ప్రశ్న మాత్రం అందరికీ తట్టదు. సరుకు రవాణాలో చేతికొచ్చే లాభమూ, చేజారే డబ్బూ చాలావరకు ఆ ప్రశ్న దగ్గరే తేలతాయి.

బండి పరుగెత్తుతున్నంతసేపూ అందరికీ బాగానే ఉంటుంది. అది ఆగినప్పుడే ఎవరో ఒకరి జేబుకు చిల్లు పడుతుంది. అందుకే ఈ రంగం మీద ఏ పుస్తకం చేతికొచ్చినా నేను ముందు చివరి పేజీల్లోని పదసూచిక తిప్పుతాను. డెమరేజ్, వార్ఫేజ్, వ్యాగన్ టర్న్‌రౌండ్ అనే మాటలు ఉన్నాయా అని చూస్తాను. గడువు దాటినా వ్యాగన్‌ను ఖాళీ చేయకుండా ఆపి ఉంచితే రైల్వే వసూలు చేసేది డెమరేజ్. దించిన సరుకును గడువులోగా రైల్వే స్థలం నుంచి తీసుకెళ్లకపోతే పడేది వార్ఫేజ్. మొదటిది బండిని కట్టిపడేసినందుకు, రెండోది చోటు ఆక్రమించినందుకు. ఒక వ్యాగన్‌లో సరుకు ఎక్కించినప్పటి నుంచి మళ్లీ ఎక్కించే దాకా పట్టే కాలం టర్న్‌రౌండ్. నాలుగు వందల పేజీల పుస్తకంలో ఈ మూడూ లేకపోతే దాన్ని రాసినవారు సరుకు ఎక్కించి దించే గూడ్స్ షెడ్డు గుమ్మం తొక్కలేదనే నా అనుమానం.

ఇంకో పరీక్ష కొలతలది. పుస్తకం అంతటా టన్నుల లెక్కే ఉందా, టన్ను కిలోమీటర్ల లెక్క కూడా ఉందా? వెయ్యి టన్నులను పది కిలోమీటర్లు మోస్తే పదివేల టన్ను కిలోమీటర్లు. వంద టన్నులను వెయ్యి కిలోమీటర్లు మోస్తే లక్ష. టన్నులు పదో వంతే అయినా పని పది రెట్లు. ఈ తేడా చెప్పకుండా రోడ్డునూ రైలునూ పోల్చే పుస్తకం పాఠకుణ్ణి తప్పుదారి పట్టిస్తుంది.

అచ్చయిన సంవత్సరం తప్పకుండా చూడమనండి. ఈ విషయంలో నా తప్పు ఒకటి నన్ను ఇప్పటికీ బాధిస్తుంది. కొన్నేళ్ల కిందట ఒక విద్యార్థికి రవాణా మీద పేరున్న లావుపాటి పుస్తకం సిఫారసు చేశాను. అందులో రాష్ట్ర సరిహద్దు చెక్‌పోస్టులు, ప్రవేశ పన్నుల మీద ఏకంగా రెండు అధ్యాయాలున్నాయి. 2017 జూలై 1న జీఎస్టీ వచ్చింది, 2018 ఏప్రిల్‌లో రాష్ట్రాల మధ్య సరుకుకు ఆన్‌లైన్‌లో తీసుకునే ఈ–వే బిల్లు అనే రవాణా పత్రం వచ్చింది, ఆ అధ్యాయాలు ఒక్కసారిగా చరిత్ర అయిపోయాయి. అతను ఇంటర్వ్యూలో వాటినే అప్పజెప్పి వచ్చాడు. ఎడిషన్ చూడకుండా పుస్తకం చేతికిచ్చింది నేను. అప్పటి నుంచి ముందు ఎడిషన్ వివరాల పేజీ తెరవనిదే ఏ పుస్తకం గురించీ మాట్లాడను. గూడ్స్ గార్డు అని ఉంటే అది 2022కు ముందు మాట, ఇప్పుడు ఆ ఉద్యోగాన్ని ట్రైన్ మేనేజర్ అంటున్నారు. రైల్వేకు విడిగా బడ్జెట్ పెడతారని ఉంటే అది 2017కు ముందుది. పాతదైనంత మాత్రాన పారేయనక్కర్లేదు, ఏ కాలపు మాటో తెలిసి చదివితే చాలు.

ఎవరి రైల్వే గురించి రాశారన్నది మరీ ముఖ్యం. మీ అల్మారాలో నాలుగు పుస్తకాలు అమెరికావి. అక్కడ పట్టాలు చాలావరకు సరుకు మోసే ప్రైవేటు కంపెనీల సొంతం. 1971లో మొదలైన ఆమ్‌ట్రాక్ ప్రయాణికుల రైళ్లు ఎక్కువ దూరం ఆ కంపెనీల పట్టాల మీదే నడుస్తాయి. 1980లో వచ్చిన స్టాగర్స్ చట్టం కంపెనీలకు కిరాయి నిర్ణయించుకునే స్వేచ్ఛ ఇచ్చింది. మన దగ్గర కథ వేరు. కిరాయి పట్టిక రైల్వేశాఖది. ప్రయాణికుల బండీ గూడ్సూ ఒకే పట్టాల మీద నడవాలి, ఎక్స్‌ప్రెస్ వస్తోందంటే గూడ్స్ పక్కనుండే లూప్ లైన్‌లోకి తప్పుకోవాలి. ఆ ఇరుకు తీర్చడానికే లూధియానా దగ్గర నుంచి బిహార్‌లోని సోన్‌నగర్ దాకా 1,337 కిలోమీటర్ల తూర్పు కారిడార్, ఢిల్లీ దగ్గరి దాద్రీ నుంచి ముంబయి దగ్గరి జవహర్‌లాల్ నెహ్రూ పోర్టు వైపు 1,506 కిలోమీటర్ల పశ్చిమ కారిడార్ సరుకు కోసమే ప్రత్యేకంగా తలపెట్టారు. అమెరికా పుస్తకం నుంచి ధర ఎలా కట్టాలో ఆలోచించడం నేర్చుకోవచ్చు. బండి ఎలా నడపాలో నేర్చుకుంటే ఇక్కడ పనికిరాదు.

బొమ్మల పుస్తకాలు, చరిత్ర పుస్తకాలు దండగ అన్నారు మీరు. ఒప్పుకోను. మన దేశంలో 1676 మిల్లీమీటర్ల బ్రాడ్ గేజ్ పక్కనే, పట్టాల మధ్య దూరం తక్కువుండే మీటర్ గేజ్ దశాబ్దాల పాటు నడిచింది. రెండూ కలిసే జంక్షన్లలో హమాలీలు ఒక వ్యాగన్ నుంచి బస్తాలు దించి ఇంకో వ్యాగన్‌లోకి ఎక్కించేవారు. సరుకు ఇంచు ముందుకు కదలకుండానే రోజు గడిచిపోయేది, బస్తాలు చిరిగేవి, దొంగతనాలు జరిగేవి. అలాంటి జంక్షన్ ఫొటోను ఒకసారి శ్రద్ధగా చూసిన పిల్లకు, 1956లో ఐడియల్ ఎక్స్ అనే ఓడ అమెరికాలో న్యూవార్క్ నుంచి హ్యూస్టన్‌కు 58 కంటెయినర్ పెట్టెలను మూత తీయకుండా మోసుకెళ్లడం ఎందుకంత పెద్ద సంగతో వేరే చెప్పనక్కర్లేదు. పాఠ్యపుస్తకం కంటెయినర్‌కు నిర్వచనం చెప్పి ఊరుకుంటుంది, చరిత్ర దాని అవసరం చూపిస్తుంది.

ఇక మీరు చేర్పిస్తానన్న కోర్సు. డేటా నేర్చుకోవడానికి నేను వ్యతిరేకిని కాను. బీకాం చదివే పిల్ల స్ప్రెడ్‌షీటు క్షుణ్ణంగా నేర్చుకోవాలి, కాస్త ప్రోగ్రామింగ్ వస్తే ఇంకా మంచిది. నాకు నచ్చనిది ఆ పేరుతో అమ్ముతున్న ఆరు నెలల సర్టిఫికెట్లు. వాటిలో చేరి బయటికొచ్చిన పిల్లలతో మాట్లాడుతూనే ఉన్నాను. వాళ్లకు శుభ్రంగా కడిగిన డేటా ఇస్తారు. మ్యాపు మీద చుక్కలు కదులుతాయి, రంగురంగుల గ్రాఫులు వస్తాయి. ఒక చుక్క పదకొండు గంటలు కదల్లేదనుకోండి, ఎందుకని అడిగితే జవాబు ఉండదు. వాన పడి సిమెంటు దించలేదా, లారీలు రాలేదా, కాగితం ఒకటి తక్కువైందా? కారణం తెలియని వాళ్లకు అది గ్రాఫులో ఒక చదునైన గీత, అంతే. తర్వాత దొరికే తొలి ఉద్యోగం కూడా చాలాసార్లు బ్రోచర్‌లో చూపించింది కాదు. రాత్రి షిఫ్టులో పత్రాలు సరిచూడటం, లారీ డ్రైవర్లకు ఫోన్లు చేయడం. ఆ పని చిన్నదని అనను. అక్కడే అసలు విద్య వస్తుంది. ఆ సంగతి ముందే చెప్పకుండా ఫీజు కట్టించుకోవడమే నాకు కోపం. చేర్పించే తీరాలనుకుంటే, కిందటి బ్యాచ్‌లో ఎవరు ఏ హోదాలో చేరారో, కోర్సులో ఒక్కసారైనా యార్డుకు తీసుకెళ్తారో లేదో అడిగి రండి. డిగ్రీ అయ్యాక చదివించే ఉద్దేశం ఉంటే, రవాణా కోసమే నెలకొల్పి 2022లో కేంద్ర విశ్వవిద్యాలయంగా మార్చిన గతిశక్తి విశ్వవిద్యాలయం వడోదరలో ఉంది. అక్కడి కోర్సులు చూడండి. రైల్వే ఉద్యోగాల పరీక్షల వివరాలు మీకు ఎక్కడైనా దొరుకుతాయి, ఆమెకు ఈపాటికే తెలిసి ఉంటాయి.

ఒక మాట కఠినంగా అంటాను, ఏమీ అనుకోకండి. పుస్తకాలు పదకొండని లెక్కపెట్టారు, ఫొటో తీశారు, ముక్కూమొహం తెలియని నాకు పంపారు. పక్క గదిలో ఉన్న పిల్లను మాత్రం ‘ఇందులో ఏముందమ్మా’ అని అడగలేదు. మీ ఉత్తరంలో ఆమె అన్న మాట ఒక్కటీ లేదు. ఏ పుస్తకం ముందు చదివిందో, ఏది సగంలో వదిలేసిందో మీరు రాసి ఉంటే నా పని సులువయ్యేది. పదిహేను మంది అబ్బాయిల పేర్లు చెప్పి వాళ్లంతా ఆ కోర్సులో చేరారని రాశారు. వాళ్లు మీ పిల్లలు కారు కదండీ.

పుస్తకాలు చదివినంత మాత్రాన ఉద్యోగం వస్తుందని నేను చెప్పను, రాదు. ఆమెకు ఇప్పుడు కావలసింది పన్నెండో పుస్తకం కాదు, కాళ్లకు పని. సరుకు రవాణా ఏజెన్సీలోనో, సిమెంటు, ఎరువుల డీలరు దగ్గరో సెలవుల్లో నెల రోజులు కూర్చోబెట్టండి. రైల్వే రసీదు చేత్తో పట్టుకుని చూడాలి, ఒక రేక్ వచ్చిన రోజు హడావిడి చూడాలి. గూడ్స్ షెడ్డులోకి అనుమతి లేకుండా వెళ్లకూడదు, డీలరు వెంట వెళ్తే ఆ ఇబ్బంది ఉండదు.

ఈ రాత్రి ఆ తెరిచి ఉన్న పుస్తకం పట్టుకుని ఆమె పక్కన కూర్చోండి. దించడానికి ఎన్ని గంటలో జవాబు దొరికిందా అని అడగండి. దొరక్కపోతే ఆ పుస్తకంలో వెతికి లాభం లేదు. వ్యాగన్ రకాన్ని బట్టి, దించేది యంత్రాలా మనుషులా అన్నదాన్ని బట్టి ఆ గడువు మారుతుంది. రైల్వేశాఖ తన వెబ్‌సైటులో పెట్టే రేట్స్ సర్క్యులర్లలో డెమరేజ్, వార్ఫేజ్ నిబంధనలు ఉంటాయి. ఇద్దరూ కలిసి అది తీసి చదవండి. మీకు అర్థం కాని చోట ఆమెనే చెప్పమనండి.