డబ్బా ఖాళీగా తిరిగి పంపకూడదు

"రోజూ పడుకునే ముందు కృతజ్ఞత చెప్పుకోదగ్గ మూడు విషయాలు రాసుకుంటే ఎరుకతో బతకడం అలవడుతుందంటారు. మీలో ఎవరైనా చేసి చూశారా? నిజంగా మార్పు వస్తుందా?" అని అడిగారు.

చేసి చూశాను. నలభై ఒక్క రోజులు, దీక్ష పట్టినట్టు, ఒక్క రోజూ తప్పలేదు. నలభై రెండో రోజు నుంచి ఆ పుస్తకంలో పాల లెక్క రాస్తున్నాను. జవాబు ఇంతే అని ముగించవచ్చు కానీ మధ్యలో ఒక సంగతి జరిగింది. అది చెప్పకపోతే నాకు తోచదు.

పుస్తకం మా అమ్మాయి తెచ్చింది. హైదరాబాద్‌లో ఉద్యోగం. వాళ్ల ఆఫీసులో అందరూ రాస్తారట. గట్టి అట్ట, పేజీ చుట్టూ లతలు, లోపల 1, 2, 3 అని అంకెలు వాళ్లే వేసి ఉంచారు. ధర నాలుగు వందల పైచిలుకు. గీతలు తప్ప ఏమీ లేని పుస్తకానికి అంత పోసినందుకు ముందు దానికి నాలుగు చీవాట్లు పడ్డాయి. "అమ్మా, పొద్దున లేచింది మొదలు సణుగుతూనే ఉంటావు. ఇది రాస్తే తగ్గుతుంది" అంది. నేను నల్లగొండలో ఒక ఆఫీసులో ఇరవై రెండేళ్లుగా ఫైళ్లు రాసే మనిషిని. సణగకపోతే ఆ ఫైళ్లు ఎలా కదులుతాయో దానికేమి తెలుసు?

సరే, మొదలుపెట్టాను. మొదటి రోజు: ఆరోగ్యం, కుటుంబం, ఉద్యోగం. రెండో రోజు: కుటుంబం, ఉద్యోగం, ఆరోగ్యం. పదో రోజుకు అది బడిలో హాజరు పిలిచినట్టు తయారైంది. పన్నెండో రోజు "టమాట చవగ్గా దొరికింది" అని రాశాను. ఇరవయ్యో రోజు "ఈ రోజు సార్ సెలవు" అని రాశాను. మనస్ఫూర్తిగా రాసింది అదొక్కటే.

ఇది ఊరికే కాదు, పరిశోధన ఉందని అమ్మాయి వాదన. ఉంది, నేనూ చదివాను. ఎమ్మన్స్, మెకల్లా అనే ఇద్దరు అమెరికా సైకాలజిస్టులు 2003లో అచ్చువేశారు. విద్యార్థుల్లో కొందరిచేత తమకు జరిగిన మేళ్లు, కొందరిచేత చికాకులు పది వారాలు రాయించారు. మేళ్లు రాసినవాళ్లు జీవితం మీద కాస్త ఎక్కువ తృప్తి చూపించారు. అయితే నా కంటికి ఆనింది వేరే ముక్క. ఆ మొదటి ప్రయోగంలో వాళ్లు రాయించింది వారానికి ఒక్కసారి. రోజూ రాయమని అట్ట మీద అచ్చేసినవాళ్ల తొందర పుస్తకం త్వరగా అయిపోవాలనే అని నా గట్టి నమ్మకం.

అసలు సంగతి ఇరవై ఏడో రోజున జరిగింది. అప్పుడు అమ్మ మా ఇంట్లోనే ఉంది. ఆ రాత్రి ఇక ఏమీ తోచక మొదటి అంకె పక్కన "నల్లా నీళ్లు" అని రాశాను.

మీది ఏ ఊరో తెలియదు కాబట్టి నీళ్లంటే మాకేమిటో కొంచెం చెప్పాలి. మా పుట్టిల్లు మర్రిగూడ మండలంలో. నా ముందు పళ్ల మీద గోధుమరంగు చారలుంటాయి. ఫొటో తీసేటప్పుడు పెదాలు మూసుకుని నవ్వడం నాకు ఆరో తరగతిలోనే అలవాటైంది. పళ్లు ఇంకా చిగుళ్ల లోపల తయారవుతున్న వయసులో నీళ్లలో ఫ్లోరైడు ఎక్కువైతే ఆ మచ్చలు పడతాయి, తోమితే పోయేవి కావు. లీటరుకు ఒకటిన్నర మిల్లీగ్రాములు దాటకూడదని లెక్క. మా వైపు బోర్లు ఆ గీత ఎప్పుడో దాటేశాయి. పళ్లతో పోయినవాళ్లం అదృష్టవంతులం. ఎముకలు పట్టుకుపోయి, మోకాళ్లు వంకర తిరిగి, ముప్పై ఏళ్లకే కర్ర పట్టినవాళ్లు మా వీధిలోనే ఉండేవాళ్లు.

అమ్మకు ఎవరో చెప్పారు, నీళ్లు మరగబెట్టి తాగిస్తే మంచిదని. రోజూ కట్టెలు ఏరుకొచ్చి, పొయ్యి ఊది, నీళ్లు తెర్లనిచ్చి, చల్లార్చి మాకు పోసేది. మరగబెడితే క్రిములు చస్తాయి, ఫ్లోరైడు పోదు. పైగా ఆవిరైనంత మేరకు మిగిలిన నీళ్లలో అది ఇంకా చిక్కబడుతుంది. ఈ సంగతి నేను డిగ్రీలో చదివాను. అమ్మకు ఇప్పటికీ చెప్పలేదు. మీరూ చెప్పకండి.

ఇంకో సంగతి. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ కలిపి ఫ్లోరైడును అడుగుకు దించే ఒక పద్ధతి ఉంది. నాగపూర్‌లోని జాతీయ పర్యావరణ ఇంజినీరింగ్ పరిశోధన సంస్థ (నీరి) తయారుచేసింది. దాని పేరు "నల్లగొండ టెక్నిక్". ఇథియోపియా, టాంజానియా దాకా వెళ్లిందట. మా ఇంటి దాకా రాలేదు.

మాకు దిక్కు ఒక మంచినీళ్ల బావి. ఊరికి రెండు కిలోమీటర్ల దూరంలో ఒకాయన పొలంలో ఉండేది. అమ్మకు జ్వరం వస్తే పక్కింటి పెద్దమ్మ తన రెండు బిందెల్లో ఒకటి మా గడప మీద దించి వెళ్లేది. అమ్మ లేచాక ఆ బిందెను బూడిదతో తళతళలాడేలా తోమి, ఆరబెట్టి, అడుగున గుప్పెడు జొన్నలో నాలుగు పచ్చిమిరపకాయలో వేసి నాచేత పంపేది. ఎవరింటి గిన్నె అయినా ఖాళీగా తిరిగి పంపకూడదు, అంతే. ఇంట్లో ఏమీ లేని రోజున చిటికెడు ఉప్పు వేసి పంపడం నేను చూశాను. "చాలా సంతోషం వదినా" అనే మాట ఆ ఇద్దరి మధ్య నేను వినలేదు. అవతలి మనిషి ఎప్పుడైనా "నీ కడుపు చల్లగా ఉండ" అనేది, అదీ బిందె అందుకున్నాక.

ఇప్పుడు మనకు మాటలు ఎక్కువైపోయాయి. పొద్దున్నే ఫోను తెరిస్తే గులాబీ పువ్వు మీద కృతజ్ఞత, ఉదయించే సూర్యుడి మీద కృతజ్ఞత. పంపినవాడు మూడేళ్ల క్రితం నా దగ్గర అప్పు తీసుకున్నవాడు. ఇక మా ఆఫీసు సభల్లో చివరి అంశం "వందన సమర్పణ". మైకులో పేర్లన్నీ చదువుతుంటారు, వినేవాళ్లందరూ భోజనాల దగ్గర ఉంటారు. టెంటు వేసినవాడి పేరు, వంటవాళ్ల పేరు ఆ చీటీలో ఉండగా నేను ఇంతవరకు వినలేదు.

పుస్తకం దగ్గరికి వస్తాను. "ఏమి రాస్తున్నావు బిడ్డా?" అంది అమ్మ. నీళ్లకు కృతజ్ఞత రాస్తున్నానన్నాను.

"నీళ్లకు చదువు వచ్చా?"

నవ్వాను. ఆమె నవ్వలేదు. "ఆ నీళ్లు వదిలేది ఎవరు?"

మా కాలనీకి రోజు విడిచి రోజు, తెల్లవారుజామున ఐదింటికి నీళ్లు వస్తాయి. వదిలే మనిషి ఒకాయన ఉన్నాడని తెలుసు. పేరు తెలియదు. నంబరు మాత్రం నా ఫోనులో ఉంది, "నీళ్ల కంప్లయింట్" అనే పేరుతో. పదేళ్లలో ఎన్నిసార్లు ఫోను చేశానో, ఒక్కసారీ మంచి మాటకు చేయలేదు. ఆ రాత్రి రెండో అంకె, మూడో అంకె ఖాళీగా వదిలేశాను.

సంక్రాంతి వెళ్లిన వారం అది. తర్వాతి నీళ్ల రోజున స్టీలు డబ్బాలో సకినాలు పెట్టుకుని, శాలువా కప్పుకుని వీధి చివరకు వెళ్లాను. మంచు. కుక్కలు కూడా లేవలేదు. ఆయన గొంతుక్కూర్చుని ఉన్నాడు. పక్కన తెరిచిన ఇనుప మూత, గుంతలోకి దిగిన నిలువెత్తు ఇనుప తాళంచెవి, టోపీ మడతలో దోపిన ఫోను నుంచి లైటు. నన్ను చూడగానే లేచి నిలబడ్డాడు.

"ఏమైందమ్మా, నీళ్లు రాలేదా?"

"వచ్చాయన్నా."

"మురికిగా వచ్చాయా?"

"లేదు, బాగున్నాయి."

"మరి?"

ఆ "మరి"కి నా దగ్గర జవాబు లేదు. ఇరవై ఏడు రోజులు రాసిన కృతజ్ఞతలో ఒక్క ముక్కా నోటికి రాలేదు. "ఊరికే వచ్చాను" అన్నాను. ఆయన నా చేతిలో డబ్బా చూశాడు. ముఖం బిగుసుకుంది. "అమ్మా, ఏ ఇంటికీ ఎక్కువ వదలడం నా చేతిలో ఉండదు. అందరికీ నలభై ఐదు నిమిషాలే" అన్నాడు.

లంచం అనుకున్నాడు! చలిలో కూడా నాకు చెమట పట్టింది. పండక్కి చేసిన సకినాలని, మా అమ్మ పంపిందని, ఇంకేమీ అడగనని చెప్పడానికి ఐదు నిమిషాలు పట్టింది. చివరకు చేతులు ప్యాంటుకు తుడుచుకుని రెండు చేతులతో తీసుకున్నాడు. ఇక నేను వెళ్లాల్సింది, వెళ్లలేదు. ఆ తాళంచెవి మీద చెయ్యి వేయమన్నాడు. ఇనుము చల్లగా, నిద్రపోతున్నట్టు ఉంది. కాసేపటికి లోపల ఏదో సన్నగా వణికింది. "మన వీధిలోకి నీళ్లు ఎక్కాయి" అన్నాడు. గబగబా తిప్పితే గొట్టం దెబ్బతింటుందట, అందుకే ఒక్కో చుట్టు తిప్పి ఆగుతాడు. మొత్తం పదహారు చుట్లు. మన ఇళ్లలో నల్లా ముందు బుస్సుమని గాలి వదులుతుందే, ఆ శబ్దాన్ని బట్టి ఏ వీధి నిండిందో ఆయనకు అర్థమవుతుంది.

ఆ నీళ్లు వచ్చే దారి తలచుకున్నప్పుడల్లా నాకు కృతజ్ఞతా కోపమూ కలిసే వస్తాయి. నాగార్జునసాగర్ వెనుక జలాలను పుట్టంగండి దగ్గర ఎత్తిపోసి అక్కంపల్లి జలాశయంలో నింపుతారు. ఆ కృష్ణ నీళ్లు 2004లోనే గొట్టాల్లో హైదరాబాద్‌కు చేరాయి. మా జిల్లా మీదుగానే పోయాయి. ఇంటింటికీ నల్లా నీళ్లిచ్చే మిషన్ భగీరథ పథకానికి చౌటుప్పల్‌లో పైలాన్ లేచింది 2015 జూన్‌లో. మా పుట్టింటి నల్లాలో నీళ్లు ఆ తర్వాతే. "ఇన్నాళ్లకైనా వచ్చాయి, సంతోషించండి" అనేవాళ్లున్నారు. ఎందుకు? తాగే నీళ్లు ఎవరి జేబులోంచి తీసి పెట్టిన దానం? దండం పెట్టాల్సి వస్తే నేను శివన్నగూడెం అంశల స్వామికి పెడతాను. ఫ్లోరోసిస్ వంకర తిప్పిన శరీరంతోనే ఢిల్లీ దాకా వెళ్లి, ప్రధానిగా ఉన్న వాజపేయికి మా నీళ్ల గోస చెప్పుకొన్న మనిషి. 2023 జనవరిలో పోయారు. ఉన్నదానితో తృప్తిపడి ఇంట్లో కూర్చుంటే మాకు ఇంకో ఇరవై ఏళ్లు బోరు నీళ్లే.

ఐదు రోజులకు డబ్బా తిరిగి వచ్చింది. నిండా ఉప్పు వేసి ఉడకబెట్టిన అనపకాయలు, ఇంకా వెచ్చగా. అమ్మ మూత తీసి చూసి, ఏమీ అనకుండా సగం తినేసింది. ఆ మర్నాడే అరిసెలు వేసింది.

ఇలా పోతూ వస్తూ ఉండగా ఒక రోజు మాటల మీద తెలిసింది, ఆయనకు రెండు నెలలుగా జీతం రాలేదు. ఏజెన్సీ కింద ఉద్యోగం. ఎవరిని అడగాలో, కాగితం ఎలా రాయాలో తెలియదు. కాగితం రాయడం నాకు తెలిసినంత బాగా ఈ కాలనీలో ఎవరికీ తెలియదు! తారీఖులు, హాజరు వివరాలు, ఎవరికి ప్రతి పంపాలో అన్నీ వేసి ఒక దరఖాస్తు తయారుచేశాను. మొదటి దానికి జవాబు లేదు. రెండోదానికి ఒక నెల జీతం వచ్చింది. మూడోది ఈ వారం ఇచ్చాం. సణుగుడు తగ్గిస్తుందని అమ్మాయి తెచ్చిన పుస్తకం చేసిన పని ఇది. ఇంతకు ముందు నా ఇంటి మేరకే సణిగేదాన్ని.

మార్పు గురించి అడిగారు కాబట్టి: నీళ్లు ఆలస్యమైతే ఇప్పటికీ ఫోను చేస్తాను, గొంతు పెద్దదే. కాకపోతే ఫోనులో "నీళ్ల కంప్లయింట్" తీసేసి ఆయన పేరు పెట్టాను. పుస్తకం కొనకండి. కొనే తీరాలనుకుంటే రాసిన ప్రతి వస్తువు పక్కనా దాన్ని మీ ఇంటి దాకా తెచ్చిన మనిషి పేరు రాయండి. పేరు తెలియకపోతే ఆ రోజుకు రాయడం ఆపి, వెళ్లి కనుక్కోండి. చలికాలమైతే శాలువా మరవకండి.

డబ్బా ప్రస్తుతం మా ఇంట్లో ఉంది. ఎల్లుండి నీళ్ల రోజు. పోయినసారి పంపిన బూరెల్లో తీపి తగ్గిందని అమ్మకు ఇంకా మనసులో పీకుతోంది. ఈసారి ఏమి పెట్టాలో తేల్చుకోలేక మధ్యాహ్నం నుంచి వంటింట్లో డబ్బాలన్నీ తెరిచి చూస్తోంది.