తాత సంవత్సరీకానికి పుస్తకం వేసే మనవరాలికి

చిరంజీవి బిడ్డకు ఆశీస్సులు.

తాత సంవత్సరీకానికి చిన్న పుస్తకం వేస్తున్నావని విని సంతోషమైంది. మూడు నెలల ముందే మొదలుపెట్టు. ఆఖరి వారంలో కూర్చుంటే పొగడ్తలు తప్ప ఏమీ రావు.

'కష్టజీవి, కుటుంబమంటే ప్రాణం' అనే మాటలు ప్రతి శ్రద్ధాంజలి ఫ్లెక్సీ మీదా ఉంటాయి. వాటితో మీ తాత ఎవరో ఎవరికీ తెలియదు. సింగరేణి బొగ్గు బాయిలో (గనిలో) తట్ట, చెమ్మస్ (పార) పట్టి బొగ్గు టబ్బులు నింపిన మనిషి ఆయన. ఆ పని ఎట్లా ఉండేదో, ఆ జీతం ఇంట్లో ఎవరెవరికి ఏమైందో రాయి. కష్టం, ప్రేమ అనే మాటలు నువ్వు వాడాల్సిన పనే ఉండదు.

ముందు బీరువాలో కాగితాలు తియ్యి. గుర్తింపు కార్డు, పాత పే స్లిప్పులు, ప్రావిడెంట్ ఫండ్ కాగితాలు, పెన్షన్ ఆర్డరు. బదిలీ వర్కర్‌గా (రానివాళ్ల బదులు పనిచేసే తాత్కాలిక కార్మికుడిగా) ఎప్పుడు చేరాడు, పర్మినెంట్ ఎప్పుడైంది, ఏ బాయి నుంచి ఏ బాయికి మారాడు, ఉద్యోగం నుంచి ఎప్పుడు దిగిపోయాడు అన్నవి తేదీలతో ఒక కాగితం మీద వరుసగా రాసుకో. పుట్టిన తేదీ దగ్గర మాత్రం జాగ్రత్త. కార్మికుల వివరాలు రాసే కంపెనీ ఫారం బి రిజిస్టరులో ఉన్నది ఆ కాలంలో చాలామందికి అంచనాగా వేసిన తేదీయే. ఇంట్లో 'పార్థివ నామ సంవత్సరంలో పుట్టాడు' అనుకునేవారైతే అది 1945 ఉగాది నుంచి 1946 ఉగాది దాకా. రెండూ కలవకపోతే 'రికార్డు ప్రకారం' అని ఒకటి, 'ఇంటివాళ్ల లెక్క ప్రకారం' అని ఇంకొకటి రాయి.

తర్వాత బాపమ్మ దగ్గర కూర్చో. ఫోనులో రికార్డు చెయ్యి, ఫ్యాను ఆపు, ఫోను మడిచిన తువ్వాల మీద పెట్టు. స్టీలు పళ్లెం పక్కన, కుక్కర్ దగ్గర కూర్చుంటే మాట వినబడదు. ఒక్కసారికి అరగంట చాలు, ముసలి ప్రాణం అలసిపోతుంది. 'తాత ఎట్లాంటివాడు?' అని అడిగితే 'మంచోడు బిడ్డా' అంటుంది, అంతటితో అయిపోతుంది. 'రాత్రి షిఫ్టుకు క్యారియర్‌లో ఏం పెట్టేదానివి? పొద్దున వచ్చినాక బొగ్గు మసి వదలడానికి నీళ్లు ఎన్ని కాగులు పట్టేవి? జీతం ముందు ఎవరి చేతికిచ్చేవాడు?' అని అడుగు. ఏండ్లు గుర్తుకురాకపోతే పెద్ద ఘటనలు గుర్తుచెయ్యి. 1969 తెలంగాణ ఉద్యమం, 1975 ఎమర్జెన్సీ, 1986 ఆగస్టు గోదావరి వరద. 'వరదకు ముందా, తర్వాతా?' అంటే ఠక్కున చెబుతుంది. ఆయనతో ఒకే షిఫ్టులో దిగినవాళ్లు ఇద్దరు దొరికినా వెళ్లి కలువు. బాయి లోపలి సంగతి ఇంట్లోవాళ్లకు తెలియదు.

ఉద్యోగం దిగిపోయిన తర్వాతి ఏండ్లను రెండు వాక్యాల్లో దాటేస్తారు చాలామంది. అది తప్పు. మీ తరానికి తెలిసిన తాత ఆ తాతే. బడి దగ్గర ఎక్కడ నిలబడేవాడో, మందుల డబ్బా ఎట్లా సర్దుకునేవాడో అన్నీ రాయి. జబ్బు సంగతి నాలుగు వాక్యాలు దాటనివ్వకు. కోపం, అప్పులు, తాగుడు లాంటివి ఉంటే బాపమ్మను అడిగి, ఆమె ఒప్పుకున్నంతే రాయి.

ఆల్బమ్‌కు అతుక్కున్న ఫొటోలు పీకొద్దు, పైపొర ఊడి ముఖాలు పోతాయి. పేజీతో సహా స్కాన్ చేయించు. చిన్న నలుపు తెలుపు ఫొటోలైతే 600 డీపీఐలో. వెనకాల పేర్లు మెత్తని పెన్సిలుతో, తేలిగ్గా రాయి. బాల్‌పెన్ను గట్టిగా నొక్కితే గీత ముందుకు తేలుతుంది.

మధ్యలో పిన్ను కొట్టే పుస్తకానికి పేజీలు నాలుగు చొప్పున పెరగాలి. పదహారు సరిపోతాయి. నువ్వు ఫోనులో కొట్టిన యూనికోడ్ తెలుగును డీటీపీవాళ్లు తాము వాడే అనూ ఫాంట్లలోకి (యూనికోడ్ కాని పాత రకం అక్షరాల్లోకి) మారిస్తే ఒత్తులు తారుమారవుతాయి. స్క్రీను మీద చూసి సరేననకు, కాగితం మీద ప్రూఫు తీయించు.

ప్రూఫులో ముందు చూడాల్సినవి పేర్లు. అల్లుళ్లు, కోడళ్లు, ముని మనవలు, చనిపోయిన పిల్లలు ఎవరూ తప్పిపోకూడదు. ఒక్క పేరు మరిచిపోతే ఆ నొప్పి ఏండ్ల తరబడి ఉంటుంది. మీ పెద్ద మేనత్తతో గట్టిగా చదివించి, ఆమె సరేనన్నాకే అచ్చుకివ్వు.

ఆశీస్సులతో,
మీ తెలుగు సారు