మర తిప్పి చూశాక రాయి

చిరంజీవికి ఆశీస్సులు.

నీ వ్యాసం అందింది. ప్రింటు తీయించుకుని రెండుసార్లు చదివాను. తెర మీద చదివితే నా కంటికి తప్పులు ఆనవు. పిట్స్‌బర్గ్‌లో మీ పక్కింటి పెద్దాయన షెడ్డులో చూసిన పాత రైఫిల్ స్కోప్ మీద, అంటే గురి చూడటానికి తుపాకీ మీద బిగించే దుర్భిణి మీద రాయాలన్న ఆలోచన నాకు నచ్చింది. తెలుగులో ఇలాంటివి రాసేవాళ్లు తక్కువ. తక్కువ కాబట్టి ఎవరు తప్పు పడతారులే అన్న ధీమా కూడా నీ వ్యాసంలో అక్కడక్కడా కనిపించింది. ముందు దాన్ని వదిలించుకో.

మొదటి పేజీ అంతా అమెరికన్ మెరైన్ గురికాడు కార్లోస్ హాత్‌కాక్‌కి రాసిచ్చేశావు. 1967లో వియత్నాం యుద్ధంలో ఆయన మెషిన్‌గన్ మీద యునెర్టల్ కంపెనీ స్కోప్ బిగించి 2,500 గజాల దూరాన ఒకణ్ణి కొట్టాడు, ఆ రికార్డు 2002 దాకా నిలిచింది. నిజమే. కానీ ఆ కథ చెప్పడానికి నువ్వు అక్కర్లేదు, చాలామంది చెప్పారు. పైగా 2,500 గజాల అవతల ఉన్నవాడూ మనిషే. రికార్డు అనే మాట దగ్గర నీ కలం ఒక్క క్షణం కూడా ఆగలేదు, అది నాకు కష్టమనిపించింది. నీ పేజీలో "అద్భుతమైన" మూడుసార్లుంది, "తిరుగులేని" రెండుసార్లుంది. ఆ స్కోప్ గొట్టం ఎలా కదులుతుందో మాత్రం ఒక్కసారీ లేదు.

అసలు సంగతి ఆ కదలికే కదా. ఇప్పటి స్కోపుల్లో గొట్టం తుపాకీ మీద కదలకుండా బిగిసి ఉంటుంది, సర్దుబాటు అంతా లోపలే జరుగుతుంది. ఈ పాతవాటిలో గొట్టం లోపల కదిలేదేమీ లేదు. గురి సరిచేయాలంటే గొట్టం మొత్తం కదలాలి. గొట్టాన్ని తుపాకీ మీద నిలబెట్టే పట్లు రెండు, వాటినే మౌంట్లు అంటారు. ముందువైపు మౌంట్ గొట్టాన్ని కడియంలా పట్టుకుని ఉంటుంది. వెనక మౌంట్ కడియం గొట్టం కంటే పెద్దది. అందులో పైనుంచి ఒక మర, పక్కనుంచి ఒక మర వచ్చి గొట్టాన్ని తాకుతాయి. ఆ రెంటికీ ఎదురుగా, కింది మూలనుంచి ఒక స్ప్రింగ్ గొట్టాన్ని మరల మీదికి నెడుతూ ఉంటుంది. పై మర గురి ఎత్తూ పల్లానికి, పక్క మర గాలికి తగ్గట్టు గురిని కుడి ఎడమలకి జరపడానికి. ఇంతే యంత్రం. దీన్ని నువ్వు "బాహ్య సమాయోజన దూరదర్శక ఆధారం" అన్నావు. ఆ మాట విని మీ పక్కింటి పెద్దాయన కాదు, మీ నాన్న కూడా నిన్ను అనుమానంగా చూస్తారు. స్కోప్‌ని స్కోప్ అను, మౌంట్‌ని మౌంట్ అను. మన పాత మాట "మర" ఎలాగూ ఉంది, స్క్రూ అన్నా ఎవరూ ఏమీ అనుకోరు.

ఇంకో పెద్ద తప్పు. "మర తిప్పగానే గుండు దారి మారుతుంది" అని రాశావు. గుండుకి స్కోప్ ఉన్నట్టే తెలియదు నాయనా. మారేది చూపు. పై మరను వదులు చేస్తే స్ప్రింగ్ గొట్టం వెనక కొసను పైకి లేపుతుంది. వెనక లేస్తే చూపు ముందుకు కిందికి వాలుతుంది. స్కోప్‌లో కనిపించే గురిగీతల్ని, అదే అడ్డుగీతల్ని, మళ్లీ లక్ష్యం మీదికి తేవాలంటే బారెల్ ముక్కు కాస్త ఎత్తక తప్పదు. అలా ఎత్తావు కాబట్టి గుండు పైన తగులుతుంది. ఈ నాలుగు వాక్యాలూ నువ్వు నీ మాటల్లో రాయగలిగితే మొదటి పేజీ మొత్తం తీసేయవచ్చు.

దీని తర్వాత లెక్క రావాలి. లెక్క రాస్తే పాఠకుడు పారిపోతాడని నీకెవరు చెప్పారో గాని, ఈ వ్యాసానికి ప్రాణం అదే. ఆ స్కోపులకి రెండు మౌంట్ల మధ్య దూరం మామూలుగా 7.2 అంగుళాలు పెట్టేవారు. ఎందుకా వింత అంకె? 100 గజాలంటే 3,600 అంగుళాలు. దాన్ని 7.2తో భాగిస్తే సరిగ్గా 500. అంటే ముందు మౌంట్ ఇరుసుగా గొట్టం వెనక కొస ఎంత జరిగితే, 100 గజాల దగ్గర గురి దానికి 500 రెట్లు జరుగుతుంది. మర ఒక క్లిక్ తిరిగితే గొట్టం 0.0005 అంగుళం కదులుతుంది, తల వెంట్రుక మందంలో ఐదో వంతుకు కాస్త అటూ ఇటూ. 500తో గుణించు. పావు అంగుళం. నాలుగు క్లిక్కులకి అంగుళం. అదే మౌంట్లను 6 అంగుళాల ఎడంలో బిగిస్తే క్లిక్కుకి 0.3 అంగుళం అవుతుంది, వేళ్ల మీద లెక్క చెడుతుంది. ఐటీఐలో మైక్రోమీటర్ పట్టుకున్న కుర్రాడెవరైనా ఈ పేరా దగ్గర కుర్చీలో ముందుకు జరుగుతాడు. నువ్వు రాయాల్సింది వాడి కోసం.

నా సంగతి ఒకటి చెబుతాను. నలభై ఏళ్ల కిందట ఒక వారపత్రికకి ఇలాంటి స్కోప్ గురించే రాస్తూ, "తుపాకీ పేలగానే దుర్భిణి ముందుకు దూకుతుంది" అన్నాను. వాక్యం ఊపుగా ఉందని మురిసిపోయాను కూడా. పది రోజులకి ఒక రిటైర్డ్ జవాను దగ్గర్నుంచి పోస్టుకార్డు వచ్చింది. "అయ్యా, దుర్భిణి ఎక్కడికీ దూకదు. ఉన్నచోటే ఉంటుంది. తుపాకీయే వెనక్కి వస్తుంది" అని రెండు ముక్కలు. సిగ్గేసింది. ఆర్టీసీ బస్సు ఒక్కసారి కదిలినప్పుడు నిలబడ్డవాళ్లు వెనక్కి తూలడం రోజూ చూసేవాణ్ణి, ఆ బుద్ధి రాసేటప్పుడు ఏమైందో. గొట్టం మౌంట్లలో జారేలా వదిలారు కాబట్టి తుపాకీ దెబ్బ లోపలి అద్దాల మీద పూర్తిగా పడదు. జారేటప్పుడు పక్కకి తిరిగిపోకుండా గొట్టానికి పొడవునా ఒక బద్ద ఉంటుంది. ప్రతి గుండు తర్వాత కాల్చేవాడు స్కోప్‌ని చేత్తో వెనక్కి లాక్కోవాలి, లేదా గొట్టం చుట్టూ ఉన్న స్ప్రింగ్ ఆ పని చేయాలి.

చరిత్ర రెండు పేజీలు రాశావు, సగం పేజీ చాలు. 1855లో న్యూయార్క్ రాష్ట్రం సిరక్యూస్‌లో విలియం మాల్కమ్ మొదలుపెట్టిన, బారెలంత పొడుగు స్కోపులు ఒక వాక్యం. మొదటి ప్రపంచ యుద్ధంలో అమెరికన్ మెరైన్లు వాడిన వించెస్టర్ ఏ5 స్కోప్ ఇంకో వాక్యం. పిట్స్‌బర్గ్ దగ్గరకొచ్చాక మాత్రం ఆగు. నువ్వు పెన్‌హిల్స్ గుడికి వెళ్లొచ్చే ఊరు ఇదే. ఇక్కడే జాన్ బ్రషీర్ ఖగోళశాలలకు అద్దాలు అరగదీశాడు. ఆయన కంపెనీని 1926లో ఫెకర్ తీసుకున్నాడు. ఫెకర్ దగ్గర పనిచేసిన జాన్ యునెర్టల్ 1934లో సొంత కొట్టు పెట్టాడు. నక్షత్రాలు చూసిన పనితనమే కాగితం మీద నల్లచుక్కను చూడటానికి దిగింది. ఇంత మంచి సంగతిని పక్కన పెట్టుకుని హాత్‌కాక్ వెంట పడ్డావు!

ఇవి ఎందుకు పోయాయో కూడా నిజాయితీగా రాయి. అడ్డుగీతలు ఎప్పుడూ మధ్యలోనే ఉండటం వీటి గొప్ప. లోపల సర్దుబాటు ఉన్న తొలి స్కోపుల్లో అవి ఒక మూలకి జరిగిపోయి కనిపించేవి. తర్వాత వచ్చినవాళ్లు గీతలకు బదులు బొమ్మనే జరిపి ఆ లోటు తీర్చేశారు. ఇక వీటికి మిగిలింది బరువు, పొడవు, ఇరుకు చూపు, దుమ్ముకి తెరిచి ఉన్న మరలు. రెండో ప్రపంచ యుద్ధంలో 8 రెట్లు పెద్దగా చూపే యునెర్టల్ స్కోప్ వాడిన మెరైన్లు చాలామంది, ఇసుక ఇరుక్కుంటోందని గొట్టం మీది స్ప్రింగ్‌ని పీకేశారు. చేత్తోనే లాక్కున్నారు. నచ్చిన వస్తువు కదా అని దాని లోపాలు దాస్తే చదివేవాడికి తెలిసిపోతుంది.

వీలైతే ఒహాయోలో ఈరీ సరస్సు ఒడ్డున ఉన్న క్యాంప్ పెర్రీకి వెళ్లిరా. 1907 నుంచి అక్కడ జాతీయ తుపాకీ గురి పోటీలు. ఈ స్కోపులకి కాగితం లక్ష్యాలు, సరస్సు గాలి సరైన చోటు, నీ కథ కూడా అక్కడ తెరుచుకోవచ్చు. స్కోప్ కొనేసి మాత్రం నాకు చూపించడానికి ఇక్కడికి మోసుకురాకు. ఎయిర్‌పోర్టులో నీకూ టెన్షన్, నాకూ టెన్షన్.

ముందు ఈ శనివారం ఆ పెద్దాయన దగ్గరికి మళ్లీ వెళ్లు. తుపాకీ ఖాళీగా ఉందని ఆయన చేతే చూపించుకుని, అడిగి ఆ పై మరను నీ వేళ్లతో తిప్పు. క్లిక్ చెవికి వినిపిస్తుందా, వేలికి తెలుస్తుందా? రెండు మౌంట్ల మధ్య టేపు పెట్టి కొలువు. 7.2 రాకపోతే ఎవరు మార్చారో, ఎందుకు మార్చారో ఆయన్నే అడుగు. గొట్టం మీద స్ప్రింగ్ ఉందో పీకేశారో కూడా చూడు. నువ్వు పంపిన ఫోటోలో సరిగ్గా అక్కడే నీ బొటనవేలు అడ్డం వచ్చింది.

ఆశీస్సులతో,
మాస్టారు