గోళ్ల మీద తెల్ల మచ్చలు కాల్షియం లోపమా?

కాదండి. మీ 11 ఏళ్ల అమ్మాయికి కాల్షియం మాత్రలు మొదలుపెట్టాలా అని అడిగారు, ఇప్పుడే వద్దు. పిల్లలు "కొంగా కొంగా గోళ్లియ్యి" అంటూ మురిసిపోయే ఆ మచ్చలు చాలావరకు గోరు మొదట్లో తగిలిన చిన్న దెబ్బల గుర్తులు. గోళ్లు కొరికే అలవాటున్నా వస్తాయి. చేతి గోరు నెలకు దాదాపు 3 మిల్లీమీటర్లు పెరుగుతుంది. ఇవాళ ఒక ఫోటో, నెల తర్వాత ఒకటి తీసి చూడండి: మచ్చ ముందుకు జరిగితే అది గోరుతో పాటే పోయేదే.

మచ్చల కంటే గోరు ఆకారం చూడండి. గోరు పలచబడి, మధ్యలో గుంటపడి, అంచులు పైకి లేస్తే వాటిని చెంచా గోళ్లు అంటారు. గోరు మీద ఒక నీటి చుక్క వేయండి. జారిపోకుండా గుంటలో నిలిస్తే ఇనుము తక్కువైందని అనుమానించాలి. చంటిపిల్లల కాలిగోళ్లు మాత్రం మామూలుగానే అలా ఉండొచ్చు. గోళ్లు బాగున్నాయి కదా అని రక్తహీనత లేదనుకోకండి, చాలామందికి గోళ్లలో ఏ తేడా రాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో మన రెండు రాష్ట్రాల్లోనూ సగానికి పైగా ఆడవాళ్లకు రక్తహీనత తేలింది.

రక్తహీనత అనుమానం ఉంటే సీబీపీ (రక్తకణాలు, హిమోగ్లోబిన్ చూసే పరీక్ష)తో పాటు, ఒంట్లో ఇనుము నిల్వలు చెప్పే ఫెరిటిన్ పరీక్ష కూడా చేయించండి. ఆ నిల్వలు ముందు ఖాళీ అవుతాయి, హిమోగ్లోబిన్ ఆ తర్వాతే పడిపోతుంది. ఈ వయసుకు హిమోగ్లోబిన్ 11.5 కంటే, ఫెరిటిన్ 15 కంటే తగ్గితే లోపమే. జ్వరంలో ఫెరిటిన్ లేనిది ఉన్నట్టు పెరిగి కనిపిస్తుంది, జ్వరం తగ్గాకే పరీక్షకు రక్తం ఇవ్వండి. డాక్టర్ ఐరన్ రాస్తే టీ, కాఫీ, పాలతో వేయకండి. మీరు అనుకుంటున్న కాల్షియం మాత్ర కూడా దాన్ని ఒంటికి పట్టనివ్వదు, రెంటికీ కనీసం రెండు గంటల ఎడం ఉండాలి. హిమోగ్లోబిన్ మామూలుకొచ్చాక కూడా సాధారణంగా మూడు నెలలు వాడమంటారు. అందరూ మానేసేది అక్కడే, మళ్లీ పడిపోయేదీ అందుకే. గోరు పూర్తిగా మారడానికి ఆరు నెలల దాకా పడుతుంది.

ఇంట్లో పెద్దవాళ్లవి కూడా చూడండి, ముఖ్యంగా బీడీ, సిగరెట్ తాగేవాళ్లవి. రెండు చేతుల చూపుడు వేళ్ల గోళ్లను వీపు వీపు ఆనించినట్టు కలిపితే మధ్యలో డైమండ్ ఆకారంలో చిన్న సందు కనిపించాలి. అది మూసుకుపోయి, వేలి కొన ఉబ్బి ఉంటే ఊపిరితిత్తులు, గుండె పరీక్ష చేయించాలి, ఛాతీ ఎక్స్‌రేతో మొదలుపెడతారు.

నల్ల గీతల సంగతి: మన రంగువాళ్లకు చాలా గోళ్ల మీద సన్నగా ఉండటం మామూలే. ఒకే గోరుకు కొత్తగా వచ్చి, వెడల్పవుతూ, గోరు మొదట్లో చర్మానికి కూడా నలుపు పాకితే ఆలస్యం చేయకుండా చర్మ డాక్టర్‌కు చూపించండి.

ఇవన్నీ పగటి వెలుతురులో, గోళ్ల రంగు, గోరింటాకు లేనప్పుడు చూడాలి. గోళ్ల కోసమని బయోటిన్ అనే విటమిన్ వాడుతుంటే థైరాయిడ్ పరీక్షకు కనీసం రెండు రోజుల ముందు ఆపి, ల్యాబ్‌లో కూడా చెప్పండి. లేకపోతే రిపోర్టు తప్పుగా రావచ్చు.