రోజాలో (రంజాన్ ఉపవాసంలో) ఉప్పు చూడటం గురించి

తల్లీ,

అస్సలాము అలైకుమ్. "ఖాలా, కూరలో ఉప్పు చూస్తే రోజా పోతుందా?" అని నువ్వు ఫోన్లో అడిగినప్పుడు నీ గొంతులో భయం వినిపించింది. పెళ్లయ్యాక మొదటి రంజాన్, ఇంటిల్లిపాదికీ నువ్వే వండాలి, టెన్షన్ ఉండదా మరి.

రుచి నాలుక మీద ఉన్నంతవరకు రోజాకి ఏమీ కాదు. గొంతు దిగితేనే చిక్కు. కుండలోది రుచి చూడటంలో తప్పు లేదని ప్రవక్త సహచరులు ఇబ్నె అబ్బాస్ (రజి) చెప్పిన మాట బుఖారీ అనే హదీసుల (ప్రవక్త మాటల) గ్రంథంలో ఉంది. కానీ మనం పాటించే హనఫీ సంప్రదాయంలో అవసరం లేకుండా రుచి చూడటం మక్రూహ్, అంటే చేయకపోవడమే మంచిది. ఇంట్లో నెలసరి వల్ల రోజా లేని వాళ్లో, చిన్నపిల్లలో ఉంటే ముందు వాళ్లకు పెట్టి అడుగు. ఎవరూ లేకపోతే చెంచా కొసతో రెండు చుక్కలు తీసి, ఊది చల్లార్చి, నాలుక కొసకి తగిలించు. వెంటనే ఉమ్మేసి, తల వెనక్కి వాల్చకుండా నోరు పుక్కిలించి ఉమ్మెయ్. తర్వాత నోట్లో మిగిలే తడి మింగినా ఫర్వాలేదు.

నా సంగతి చెబుతాను. నీ వయసులో ఒక రోజు అలవాటు కొద్దీ అరచేతిలో పులుసు వేసుకుని నాకేశాను. మింగాక గుర్తొచ్చింది రోజా అని. గరిటె పక్కన పెట్టి ఏడ్చేశాను. మా అత్తగారు వచ్చి, "మరిచిపోయి తిన్నవాళ్లు రోజా పూర్తి చేయాలి, వాళ్లకి తినిపించింది అల్లాహ్‌యే అని ప్రవక్త (సల్లం) చెప్పారు, లే" అన్నారు. ఆ రోజు రోజా నిలిచింది. ఈ తేడా మాత్రం బాగా గుర్తుపెట్టుకో: రోజా అని తెలిసి రుచి చూస్తుండగా జారి గొంతులోకి పోతే, హనఫీ నియమాల ప్రకారం రోజా పోతుంది. అయినా మగ్రిబ్ (సూర్యాస్తమయం) దాకా ఏమీ తినకుండా ఉండి, రంజాన్ తర్వాత ఒక రోజు ఖజా చేయాలి, అంటే దాని బదులు ఒక రోజా ఉండాలి. కఫ్ఫారా (ప్రాయశ్చిత్తం) ఉండదు.

పిండి జల్లిస్తుంటే లేచే దుమ్ము, పొయ్యి పొగ, తాలింపు వాసన వాటంతటవే లోపలికి పోతే ఏమీ కాదు. కావాలని మొహం పెట్టి పొగ పీల్చవద్దు. వాసనకి వికారం వచ్చి దానంతటదే వాంతి అయినా రోజా పోదు. రోజా లేని ముసలివాళ్లకో, జబ్బు మనిషికో మధ్యాహ్నం వండిపెట్టాల్సి వస్తే సంకోచం వద్దు.

నాకు అసలు బాధ కలిగించేది ఇంకొకటి. అందరికీ వడ్డిస్తూ, నీళ్లందిస్తూ వండిన మనిషే ఆఖరున రోజా విప్పుతుంది. ఇఫ్తార్‌కి తొందరపడినంత కాలం జనం మేలులో ఉంటారని హదీసు. ఆ మాట నీకూ వర్తిస్తుంది. అజాన్‌కి పది నిమిషాల ముందే పొయ్యి ఆపెయ్. చేతులు కడుక్కుని దస్తర్‌ఖాన్ (భోజనానికి పరిచే గుడ్డ) దగ్గర కూర్చుని దువా (ప్రార్థన) చేసుకో. ఖర్జూరం, నీళ్లు అయ్యాకే లేచి వడ్డించు.

నీ
ఖాలా