రేడియో సందేహాలు: 27 కొంటే 9 పలుకుతోంది!

ప్రశ్న: కోఠి గుజరాతీ గల్లీలో 27.000 (మెగాహెర్ట్జ్) అని ఉన్న క్వార్ట్జ్ క్రిస్టల్ కొని, బీఎఫ్494 ట్రాన్సిస్టర్‌తో కోల్పిట్స్ ఆసిలేటర్ (రేడియో తరంగాలు పుట్టించే సర్క్యూట్) కట్టాను. క్రిస్టల్ బేస్‌కీ గ్రౌండ్‌కీ మధ్య ఉంది. బేస్-ఎమిటర్ మధ్య 47 పీఎఫ్ (పికోఫారడ్) కెపాసిటర్, ఎమిటర్ నుంచి గ్రౌండ్‌కి 100 పీఎఫ్ పెట్టాను. ఫ్రీక్వెన్సీ కొలిచే కౌంటర్ మాత్రం 9 మెగాహెర్ట్జ్ దగ్గరే చూపిస్తోంది. క్రిస్టల్ నకిలీదా?
– ఓ పాఠకుడు, మల్కాజిగిరి

జవాబు: నకిలీ కాదండీ, పారేయకండి. అది థర్డ్ ఓవర్‌టోన్ క్రిస్టల్, అంటే తన సహజ ఫ్రీక్వెన్సీకి సుమారు మూడు రెట్ల దగ్గర పలికించేందుకు చేసింది. రేడియోల్లో వాడే క్వార్ట్జ్ బిళ్ళలు ఎక్కువగా ‘ఏటీ కట్’ అనే కోణంలో కోసినవి. బిళ్ళ పల్చబడేకొద్దీ ఫ్రీక్వెన్సీ పెరుగుతుంది. 1.66ని మెగాహెర్ట్జ్‌తో భాగిస్తే మందం మిల్లీమీటర్లలో వస్తుంది. 27కి లెక్కేస్తే 0.06 మి.మీ.! అంత పల్చగా అరగదీస్తే ఇట్టే విరుగుతుంది. అందుకే 9 మెగాహెర్ట్జ్‌కి సరిపడే 0.18 మి.మీ. బిళ్ళనే మూడో ఓవర్‌టోన్‌కి అనువుగా తయారుచేసి, 27 అని ముద్రిస్తారు. దాన్ని 27 దగ్గర పలికించాల్సింది సర్క్యూటే. మీ సర్క్యూట్‌లో ఆ ఏర్పాటు లేదు కాబట్టి అది 9 దగ్గరే పలికింది.

ఇలా చేయండి. 1 మైక్రోహెన్రీ చోక్‌కి (చిన్న కాయిల్‌కి) 0.01 మైక్రోఫారడ్ డిస్క్ కెపాసిటర్‌ని సిరీస్‌లో కలిపి, ఆ జతను 100 పీఎఫ్‌కి పక్కపక్కనే, అంటే ప్యారలల్‌గా, టంకం వేయండి. చోక్ మీద గోధుమ, నలుపు, బంగారు గీతలుంటాయి. రెసిస్టర్ అనుకుని పొరబడొద్దు. చోక్, 100 పీఎఫ్ కలిసి దాదాపు 16 మెగాహెర్ట్జ్ దగ్గర రెజొనేట్ అవుతాయి. కోల్పిట్స్ నడవాలంటే ఆ చోట కెపాసిటర్ ఉండాలి. 9 దగ్గర ఆ జోడీ కాయిల్‌లా ప్రవర్తిస్తుంది కాబట్టి కోల్పిట్స్ అక్కడ నడవదు. 27 దగ్గర మాత్రం కెపాసిటర్‌లా ఉంటుంది, ఆసిలేటర్ అక్కడే మొదలవుతుంది. 0.01ని వదిలేసి చోక్ ఒక్కటే పెడితే ఎమిటర్ రెసిస్టర్ డీసీకి షార్ట్ అయి బయాస్ (ట్రాన్సిస్టర్ పనిచేయడానికి కావాల్సిన డీసీ అమరిక) మొత్తం చెడుతుంది. చాలామంది తప్పు చేసేది సరిగ్గా ఇక్కడే.

ఇదంతా బల్ల మీది ప్రయోగానికే. లైసెన్సు నిబంధనలు తెలుసుకోకుండా యాంటెన్నా తగిలించకండి. ఈసారి కొనేటప్పుడు ఫండమెంటలా (సహజ ఫ్రీక్వెన్సీదా), ఓవర్‌టోనా అని అడిగి తీసుకోండి.

ప్రశ్న: 10 మెగాహెర్ట్జ్ క్రిస్టల్ కౌంటర్‌లో 10.0008 చూపిస్తోంది, ఎందుకు? క్రిస్టల్ రెండు కాళ్ళ నుంచీ గ్రౌండ్‌కి 22 పీఎఫ్ చొప్పున పెట్టాను. లోడ్ కెపాసిటెన్స్ (క్రిస్టల్ సరైన ఫ్రీక్వెన్సీకి దానికి బయట కలవాల్సిన కెపాసిటెన్స్) 20 పీఎఫ్ అని రాసుంది.
– ఓ విద్యార్థిని, దిల్‌సుఖ్‌నగర్

జవాబు: రెండు 22లు సిరీస్‌లో కలిస్తే 11. తీగలు, ఐసీ కాళ్ళ వల్ల మరో 4 వరకు చేరుతుంది. మొత్తం 15. క్రిస్టల్ అడిగింది 20 కదమ్మా! లోడ్ తగ్గితే ఫ్రీక్వెన్సీ పైకి పోతుంది. మీకొచ్చిన 800 హెర్ట్జ్ తేడా దాదాపు ఈ 5 పీఎఫ్ లోటుకే సరిపోతుంది. రెండు 33లు వేయండి. కచ్చితంగా కావాలంటే ఒకవైపు 33, మరోవైపు 22కి ప్యారలల్‌గా 22 పీఎఫ్ ట్రిమ్మర్ (విలువ మార్చుకోగల చిన్న కెపాసిటర్) పెట్టి, ప్లాస్టిక్ స్క్రూడ్రైవర్‌తో తిప్పండి. ఇనుపదైతే తీయగానే అంకె మారిపోతుంది. కౌంటర్ ప్రోబ్‌ని క్రిస్టల్ కాలికి ఆనించొద్దు, దానికే 10 పీఎఫ్ పైన ఉంటుంది. బఫర్ (ఆసిలేటర్‌పై లోడ్ పడకుండా ఆపే దశ) అవుట్‌పుట్ దగ్గర కొలవండి, అదీ టంకం వేడి పూర్తిగా చల్లారాకే.